నోటిమాట మీద నడిచే రూట్లు

ఇంటర్నెట్ కంపెనీల పీరింగ్ విభాగంలో, అంటే రెండు నెట్‌వర్క్‌లను నేరుగా కలిపే పనిలో, ఉద్యోగానికి విదేశం వచ్చినవాళ్ళు మొదటి వారంలో వెతికేది ఒప్పంద పత్రాల ఫైలు. చాలాచోట్ల అది ఉండదు. ప్యాకెట్ క్లియరింగ్ హౌస్ సంస్థ 2011లో 1,42,000 పైచిలుకు పీరింగ్ ఒప్పందాలను ఆరా తీస్తే, 99.5 శాతానికి రాతకోతలే లేవు. మాట ఒక్కటే: మీ కస్టమర్లకు వెళ్ళే ట్రాఫిక్ నేరుగా మీకిస్తాం, మావాళ్ళది మాకివ్వండి, డబ్బు ప్రసక్తి లేదు. ఇచ్చిపుచ్చుకోవడం, అంతే. మిగతా ప్రపంచానికి దారి కావాలంటే ట్రాన్సిట్ కొనుక్కోవాలి. అది వేరే బేరం.

ఆ బేరం లెక్క ముందు వంటబట్టాలి. ట్రాన్సిట్ బిల్లు సాధారణంగా 95వ పర్సంటైల్ మీద వస్తుంది. అయిదు నిమిషాలకో కొలత చొప్పున 30 రోజులకు 8,640 కొలతలు. వాటిలో అన్నిటికంటే పెద్దవి 432 తీసేసి, మిగిలినవాటిలో పెద్దదానికి డబ్బు కడతారు. అంటే నెలలో 36 గంటల రద్దీ లెక్కలోకే రాదు. అలాగే తెల్లవారుజామున ఎంత ట్రాఫిక్‌ను పీరింగ్ వైపు మళ్ళించినా బిల్లు కదలదు. రద్దీ వేళల్లో తగ్గితేనే మిగులు. ఎంత ఆదా అయిందని మేనేజర్ అడిగితే నెల మొత్తం టెరాబైట్లు చూపించేవాళ్ళు ఈ సంగతి మరిచినవాళ్ళే.

పీరింగ్ అడిగే మెయిల్ దగ్గర మనవాళ్ళు తడబడతారు. ‘రెస్పెక్టెడ్ సర్’తో మొదలుపెట్టి కంపెనీ చరిత్రంతా రాస్తే ఎవరూ చదవరు. పేరు పెట్టి పలకరించి, అయిదారు లైన్లలో ముగించాలి: మీ ఏఎస్ నంబరు (నెట్‌వర్క్ గుర్తింపు సంఖ్య), ఇద్దరూ కలిసి ఉన్న ఎక్స్ఛేంజీలు (నెట్‌వర్క్‌లు కలుసుకునే ఉమ్మడి కేంద్రాలు), అక్కడి ఐపీ చిరునామాలు, ప్రిఫిక్స్‌ల (చిరునామాల గుంపుల) పరిమితి, ఏఎస్-సెట్ (మీ, మీ కస్టమర్ల ఏఎస్‌ల జాబితా) పేరు. అవతలివాళ్ళు వెంటనే నెట్‌వర్క్‌లు తమ వివరాలు పెట్టుకునే వెబ్‌సైటు పీరింగ్‌డీబీ తెరిచి చూస్తారు. అక్కడ మీ వివరాలు పాతబడి ఉంటే జవాబు రాకపోవచ్చు. రెండు వారాల తర్వాత మళ్ళీ అడగడానికి మొహమాటం అక్కర్లేదు. 2009లో హరికేన్ ఎలక్ట్రిక్ సంస్థ ‘మాతో పీర్ అవ్వండి’ అని కేకు మీద రాయించి మరీ ఇంకో పెద్ద నెట్‌వర్క్ కోజెంట్‌ను అడిగింది. అయినా కుదరలేదనుకోండి.

ఒకే పోర్టు మీద వందల నెట్‌వర్క్‌లను కలవాలంటే ఎక్స్ఛేంజ్. లండన్ లింక్స్ 1994లో, ఫ్రాంక్‌ఫర్ట్ డీ-కిక్స్ 1995లో మొదలయ్యాయి. ఒక్క పీరే ఆ పోర్టును సగం నింపేస్తుంటే, వాళ్ళతో విడిగా ఫైబర్ వేసుకోవడం మేలు. దానికి క్రాస్ కనెక్ట్, అంటే డేటా సెంటర్‌లో ఇద్దరి ర్యాకుల మధ్య కేబుల్, ఆర్డర్ చెయ్యాలి. అవతలి సంస్థ ఇచ్చే అనుమతి పత్రంలో ర్యాక్, ప్యానెల్, పోర్టు నంబర్లు ఉంటాయి. దానికి గడువూ ఉంటుంది. దాటితే పని మళ్ళీ మొదటికి. ఆర్డర్ చేసినవాళ్ళే నెలనెలా అద్దె కడతారు కాబట్టి, ఆ పని ఎవరిదో మెయిల్లో ముందే తేల్చుకోవాలి.

డేటా సెంటర్‌కు స్వయంగా వెళ్తే మన పేర్లతో ఒక చిక్కుంది. ప్రవేశ అనుమతిలో రాసిన పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే అక్షరం పొల్లుపోకుండా ఉండాలి. ఇంటిపేరు ఒకచోట ముందు, ఇంకోచోట వెనక ఉంటే గేటు దగ్గరే ఆపేస్తారు, ఆ రాత్రి పని పోయినట్టే.

ఫైబర్ పెట్టాక లింక్ రాకపోతే ముందు కాంతి చూడండి. ఫైబర్‌ను తగిలించే 10 గిగాబిట్ ఎల్ఆర్ ఆప్టిక్‌కు అందే కాంతి మైనస్ 14.4 డీబీఎం (కాంతి బలానికి కొలత) కంటే తగ్గకూడదు. ఒకే భవనంలో మైనస్ 10 కనిపించిందంటే, లింక్ పనిచేస్తున్నా సరే, కనెక్టర్‌కు దుమ్ము పట్టి ఉంటుంది. క్లీనింగ్ పెన్‌తో తుడిచి మళ్ళీ చూడాలి. ఏమీ అందకపోతే రెండు ఫైబర్లూ తారుమారయ్యాయేమో మార్చి చూడండి. చాలాసార్లు అంతకంటే పెద్ద జబ్బేమీ ఉండదు.

ఎక్స్ఛేంజ్‌లో కొత్త పోర్టును ముందు మిగతావాళ్ళకు దూరంగా, పరీక్ష కోసం క్వారంటైన్ వీల్యాన్‌లో ఉంచుతారు. ఒక్క మ్యాక్ చిరునామాయే (పరికరం హార్డ్‌వేర్ చిరునామా) కనిపించాలి. స్పానింగ్ ట్రీ, ఎల్ఎల్‌డీపీ, ఐపీవీ6 రూటర్ ప్రకటనలు లాంటి, పరికరాలు తమంతట తాము పంపే సందేశాలు ఏవీ బయటికి రాకూడదు. ప్రాక్సీ ఆర్ప్ తప్పకుండా ఆపెయ్యాలి. అది ఆన్‌లో ఉండి, సబ్‌నెట్ మాస్క్ తప్పుగా ఉంటే, మీ రూటర్ ఇతరుల చిరునామాలకు తనే జవాబిచ్చి వాళ్ళ ట్రాఫిక్‌ను మింగేస్తుంది.

నెట్‌వర్క్‌లు ఒకదానికొకటి రూట్లు చెప్పుకునే బీజీపీ సెషన్ పైకి తేవడం పది నిమిషాల పని. ఎక్స్ఛేంజ్‌లో అందరి రూట్లనూ అందరికీ పంచే రూట్ సర్వర్‌తో అయితే ఒక మెలిక: అది తన ఏఎస్ నంబరును దారిలో చేర్చదు, కాబట్టి మొదటి ఏఎస్‌ను తనిఖీ చేసే సెట్టింగ్ తీసెయ్యాలి. లేదంటే సెషన్ తెగిపోతుంది, లేదా వచ్చిన రూట్లు చెల్లవు. అసలు శ్రద్ధ వడపోతల మీద. పీర్‌కు మీ రూట్లు, మీ కస్టమర్ల రూట్లు తప్ప ఏవీ చెప్పకూడదు. ట్రాన్సిట్‌లో నేర్చుకున్నవి పీర్‌కు చెప్పారా, వాళ్ళ ట్రాఫిక్ మీ ఖర్చుతో ప్రపంచం చుట్టి వస్తుంది. ఏ దారిని ముందు ఎంచుకోవాలో చెప్పే లోకల్ ప్రిఫరెన్స్ కస్టమర్‌కు 300, పీర్‌కు 200, ట్రాన్సిట్‌కు 100 అనుకోండి. అంకెలు ఏవైనా ఆ వరస మారకూడదు. ఐపీవీ4లో /24 (256 చిరునామాల గుంపు) కంటే చిన్నవి, ఐపీవీ6లో /48 కంటే చిన్నవి తీసుకోకండి. ఏ చిరునామాలు ఎవరివో ధ్రువీకరించే ఆర్పీకేఐలో చెల్లనివి తిప్పికొట్టండి. 2008 ఫిబ్రవరిలో పాకిస్తాన్ టెలికామ్ యూట్యూబ్ చిరునామాల్లో ఒక /24ను తనదని ప్రకటిస్తే, యూట్యూబ్‌కు వెళ్ళాల్సిన ట్రాఫిక్ ప్రపంచవ్యాప్తంగా అటు మళ్ళింది. దానికి ట్రాన్సిట్ ఇచ్చే సంస్థ వడపోత పెట్టి ఉంటే అది అక్కడే ఆగేది.

ఎక్స్ఛేంజ్‌లో ఇంకో మోసం ఉంది. మధ్యలో స్విచ్ చెడినా మీ పోర్టు పచ్చగానే వెలుగుతుంటుంది. అవతలినుంచి మాట రాకపోయినా సెషన్ తెంచకుండా ఆగే గడువు, అంటే హోల్డ్ టైమర్, 180 సెకన్లయితే మూడు నిమిషాలు ట్రాఫిక్ గాల్లో కలుస్తుంది. పీర్ ఒప్పుకుంటే, తెగిన సంగతి త్వరగా పట్టే బీఎఫ్‌డీ పెట్టుకోండి.

మెయింటెనెన్స్ నోటీసుల్లో వేళలు తరచు యూటీసీలో (అంతర్జాతీయ ప్రామాణిక సమయంలో) ఉంటాయి. ఫ్రాంక్‌ఫర్ట్ గడియారం చలికాలంలో గంట, వేసవిలో రెండు గంటలు ముందుంటుంది. మార్చి, అక్టోబర్ చివరి ఆదివారాలు దాటాక క్యాలెండర్ మళ్ళీ సరిచూసుకోండి. పని మీదైతే ముందుగా మీ రూట్లకు 65535:0 కమ్యూనిటీ (సెషన్ ఆపబోతున్నామని చెప్పే గుర్తు) తగిలించండి. దాన్ని గౌరవించే పీర్లు తమ ట్రాఫిక్‌ను నెమ్మదిగా పక్కకు తప్పిస్తారు. పని ముగిశాక సెషన్లు లేచాయని చూసి పడుకోకండి. ట్రాఫిక్ గ్రాఫ్ కూడా పాత ఎత్తుకు వచ్చిందా చూడాలి. మీ ప్రిఫిక్స్‌లు పెరిగినా పీరింగ్‌డీబీలో అంకె మార్చకపోతే, అవతలివాళ్ళు పెట్టిన పరిమితి దాటి సెషన్ లేచిన కాసేపటికే మళ్ళీ పడిపోతుంది. దాన్ని వాళ్ళవైపు ఎవరో చేత్తో తెరిచేదాకా చాలాచోట్ల అది అలాగే ఉంటుంది.