అమ్మ ఫోన్, ఆరో అంతస్తు

ఈ దేశం వచ్చిన మొదటి ఏడాది నాకు కారు లేదు. బస్సు దిగి ఆఫీసుకి పన్నెండు నిమిషాలు, సాయంత్రం మళ్లీ పన్నెండు. వాన పడ్డా, మంచు కురిసినా నడకే. లైసెన్సు ఎప్పుడొస్తుందా అని రోజులు లెక్కపెట్టాను గానీ, ఆ నడక ఒంటికి మేలు చేస్తోందని ఒక్కరోజూ తోచలేదు. కారు కొన్న రెండేళ్లకి ఆరేడు కిలోలు పెరిగాను, బీపీ హద్దు దాటింది. తప్పంతా కారుదే అనను, కుర్చీకి కూడా వాటా ఉంది.

జిమ్‌కి ఏడాది డబ్బు కట్టి మూడు వారాలు వెళ్లాను. ఆ సంగతి చెబితే క్లినిక్‌లో నర్సు నవ్వి, "రోజూ మానకుండా చేసే పని ఏమైనా ఉందా?" అంది. అమ్మకి ఫోన్ చేస్తానన్నాను. "అయితే నడుస్తూ మాట్లాడు" అంది. అంతే, చీటీ మీద ఇంకేం రాయలేదు.

మొదటి రోజే అమ్మ కనిపెట్టేసింది.

"ఏంట్రా ఆ రొప్పు? ఒంట్లో బాగోలేదా?"

"నడుస్తున్నానమ్మా."

"ఈ వేళప్పుడు ఎక్కడికి?"

"ఎక్కడికీ కాదు, ఊరికే."

పనీపాటా లేకుండా నడవడమేంటో ఆవిడకి అర్థం కాలేదు. అంతకుముందు లాప్‌టాప్ చూస్తూ ఊఁ కొడుతుంటే ఐదు నిమిషాల్లో తెమిలిపోయే మాటలు, ఇప్పుడు ఇరవై నిమిషాలు సాగుతున్నాయి.

నర్సు మాట వెనక పెద్ద చరిత్రే ఉంది. లండన్ డబుల్ డెక్కర్ బస్సుల్లో షిఫ్టంతా కూర్చునే డ్రైవర్లకంటే, రోజుకి ఐదొందల నుంచి ఏడొందల యాభై మెట్లెక్కే కండక్టర్లకి గుండెజబ్బులు తక్కువని జెరీ మోరిస్ అనే బ్రిటిష్ డాక్టర్ బృందం 1953లో ప్రచురించింది. ఆ కండక్టర్లు వ్యాయామం చేయలేదు, టికెట్లు కొట్టారు. వారానికి కనీసం 150 నిమిషాలు ఓ మోస్తరు శ్రమ ఉండాలనే ప్రపంచ ఆరోగ్య సంస్థ, అది ఒక్కోసారి పది నిమిషాలకి తగ్గకూడదన్న పాత షరతుని 2020లో తీసేసింది. రెండు నిమిషాలు మెట్లెక్కినా లెక్కే.

మెట్లెక్కుదామంటే అవి కనబడాలిగా! మా ఆఫీసులో లోపలికి అడుగుపెట్టగానే లిఫ్టు. మెట్లేమో వరండా చివర, బరువైన తలుపు వెనక. మొదటిసారి ఆ తలుపు తోస్తే అలారం మోగి సెక్యూరిటీ అతను పరుగెత్తుకొచ్చాడు. నలుగురం కలిసి మెయిల్ పెట్టి, నాలుగు నెలలు వెంటపడితే, బ్యాడ్జ్‌తో తెరుచుకునేలా మార్చారు. ఆ తలుపు చేసిన మేలు ఆఫీసు వాళ్లు పెట్టిన అడుగుల పోటీ చేయలేదని నా అభిప్రాయం. రోజుకి పదివేల అడుగులన్నారు. ఆ అంకె డాక్టర్లు తేల్చింది కాదు, 1965లో జపాన్‌లో అమ్మిన ఓ అడుగుల మీటరు పేరులోంచి వచ్చింది. రెండో వారానికి సగం మంది మానేశారు. గెలిచింది ముందునుంచీ పరుగెత్తే అలవాటున్నవాడే.

మా అంతస్తు తుడిచే ఆవిడ కూడా నాలాగే వలస వచ్చిన మనిషి. ఓ సాయంత్రం తన ఫోన్ చూపించింది, పద్దెనిమిది వేల అడుగులు. కాంట్రాక్టు వాళ్లకి పోటీలో చోటు లేదు. "చోటెందుకు, కూర్చోడానికి కుర్చీ ఇస్తే చాలు" అంది.

ఇప్పుడు నేను మూడో అంతస్తులో లిఫ్టు దిగి, ఆరు దాకా మెట్లెక్కుతాను. అప్పుడప్పుడు ఫోన్ చెవిన ఉంటుంది. అమ్మ నా ఊపిరి విని, "ఇవాళ మెట్లా, రోడ్డా?" అని అడుగుతుంది.