తిత్లీలో పడిన పనస చెట్టు, మా చెక్క అరుగు

ముందు చెట్టు సంగతి చెప్పాలి. 2018 అక్టోబరు 11న, ఇంకా తెల్లారకుండానే తిత్లీ తుపాను శ్రీకాకుళం జిల్లాలోని మా ఉద్దానాన్ని ఊడ్చేసింది. పొద్దున్న తలుపు తీసి చూస్తే తోటలో నిలబడి ఉన్న కొబ్బరి చెట్లని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. జీడితోట నేలకి పరుచుకుని ఉంది. ఇంటి వెనక మా తాత నాటిన పనస చెట్టు వేళ్ళతో సహా లేచి పశువుల శాల మీద పడింది. కొబ్బరి మానులు అడిగేవాడు లేక ఎక్కడివక్కడే కుళ్ళాయి. పనస మానుని మాత్రం నాన్న వదల్లేదు. నెల తర్వాత ట్రాక్టరెక్కించి, సోంపేట కోత మిల్లులో అంగుళన్నర మందం పలకలు కోయించాడు.

బొబ్బిలి వీణలు చేసేది ఈ పనస చెక్కతోనే. కోస్తున్నప్పుడు లోపల పసుపు కొమ్ములా ఉంటుంది. ఆ పొట్టు పడి నాన్న పంచె పచ్చబడితే అమ్మ ఎన్ని ఉతుకులు ఉతికినా వదల్లేదు. పలకల మధ్య రీపర్లు, అంటే సన్నటి చెక్క బద్దలు, పెట్టి, గాలి ఆడేలా వరండాలో దొంతర వేశాం. ఏడాదిలో చేద్దామనుకున్న పని కరోనా వల్ల రెండేళ్ళు దాటింది. చెక్కకి అది మంచే అయింది, బాగా ఆరింది.

2021 వేసవిలో వడ్రంగి మేస్త్రీని పెట్టి ఇంటి ముందు మామిడి చెట్టు కింద పన్నెండడుగుల పొడుగు, ఎనిమిదడుగుల వెడల్పు చెక్క అరుగు, దాని మీదకి రెండు బల్లలు చేయించాను. ఫోన్లో ఏవో ఫోటోలు చూపించి ఇలా కావాలన్నాను. ఆయన చేసిచ్చాడు. తప్పు ఆయనది కాదు. పలకల మధ్య సందు వదుల్తానంటే 'వద్దు, చీమలు, ఆకులు పోతాయి, దగ్గర దగ్గరగా వెయ్యి' అని నేనే అన్నాను. ఇనుప స్క్రూలు తెచ్చిచ్చింది కూడా నేనే.

పాలిష్ మేస్త్రీ వచ్చి "రెండు చేతులు సీలరు కొట్టి పైన మెలమిన్ కొడదాం సార్, అద్దంలా ఉంటాది" అన్నాడు. సీలరు అనే మాట దగ్గరే నేను బోల్తా పడ్డాను. పేరులోనే ఉంది కదా, నీళ్ళు పోకుండా సీలు వేసేస్తుంది అనుకున్నాను. అసలు మన పాలిష్ పనిలో వాడే ఆ సీలరు చెక్క మీది సన్న రంధ్రాల్ని పూడ్చి, పైన కొట్టే పాలిష్ నున్నగా రావడానికి పనికొస్తుంది. అంతే. అది ఇంట్లో బీరువాలకీ, తలుపుల లోపలి వైపుకీ. ఎండా వానా తగిలేచోట దానికి నిలిచే శక్తి లేదు. ఇది నాకు తర్వాత తెలిసింది. ఆ రోజు మాత్రం నిజంగానే అద్దంలా ఉంది. చుట్టాలకి ఫోటోలు పంపాను.

జూన్ వానలకి అక్కడక్కడా తెల్ల మచ్చలు లేచాయి. సెప్టెంబరు 26న గులాబ్ తుపాను కళింగపట్నం దగ్గర తీరం దాటింది. ఆ రెండు రోజుల వానకి అరుగంతా సున్నం చిమ్మినట్టయింది. గోటితో గీకితే ఉల్లిపొరలా లేచి వస్తోంది. నాన్న చూసి, "ఒరే, వరండాలో ఉన్నన్నాళ్ళూ బాగానే ఉంది కదరా చెక్క, నువ్వు ఏటి రాశావురా దీనికి?" అన్నాడు. స్క్రూ ఉన్నచోటల్లా కాటుక బొట్టు పెట్టినట్టు నల్లటి గుండ్రాలు. చెక్కలో ఉండే టానిన్ అనే వగరు పదార్థానికీ ఇనుముకీ తడి తగిలితే వచ్చే నలుపట అది.

మరుసటి ఏడాది వేసవిలో ఇంకో ప్రయత్నం. ఈసారి డబ్బా మీద 'బయటి చెక్కకి' అని రాసి ఉన్న ఖరీదైన క్లియర్ వార్నిష్ కొన్నాను. పాత పొర లేచినంత మేర గీకి, మిగతా దాని మీద అలాగే మూడు చేతులు కొట్టించాను. అది ఏడాదిన్నర నిలిచింది. తర్వాత పొరలు పొరలుగా ఊడడం మొదలుపెట్టింది. ఈసారి ఇంకా అసహ్యంగా, పెద్ద పెద్ద పెచ్చులుగా. పెచ్చు ఎత్తితే కింద చెక్క బూడిద రంగు, ముట్టుకుంటే తడి. వాన వెలిసి అప్పటికి వారం. పైన ఎండ కాస్తోంది, కింద తడి తడిగానే ఉంది.

ఆ తడి సంగతి నాకు అర్థమైంది సముద్రపు ఒడ్డున ఉన్న బారువ ఊళ్ళో. మా స్కూల్లో చదివే పిల్లాడి తాత, వయసులో ఉండగా నావలు కట్టినవాడు. కొబ్బరి తాడుతో పలకలు కుట్టి చేసే నావలు. ఇప్పుడన్నీ ఫైబర్ బోట్లే కాబట్టి ఆయనకి పని లేదు, ఒడ్డున వలలు బాగుచేస్తూ కూర్చుంటాడు. ఒక ఆదివారం పెచ్చు ఒకటి జేబులో వేసుకెళ్ళి చూపించాను. చేతిలో నలిపి చూసి నవ్వాడు.

"నావకి ఎవులైనా మెరుపు పెడతారేటి మాస్టారూ? సెక్కన్నాక తడుస్తాది, ఆరుతాది. ఆరడానికి తోవుండాల గదా."

"మరి మీరేం రాసేవారు తాతా?"

"జీడి నూనె, పిక్కల పెంకులోంచి తీసీది. పలాస నుండి డబ్బాల్తో తెచ్చీవోలం. ఏడాదికోపాలి రాసీడమే. ఊడడానికి దానికి పొరేదీ?"

ఇంటికొచ్చి ఆ మాట మీద నాలుగు రోజులు చదివాను. వార్నిష్ చెక్క మీద గట్టి పొరలా నిలబడుతుంది. చెక్క మాత్రం వానకి ఉబ్బుతుంది, ఎండకి ముడుచుకుంటుంది. పొర దానితో సాగలేక స్క్రూల దగ్గరా, పలక చివర్లలో చిట్లుతుంది. ఆ వెంట్రుకవాసి చీలికలోంచి నీరు లోపలికి పోతుంది, బయటికి రాలేదు. ఎండ కాస్తే ఆ తడి ఆవిరై పొరని పైకి తంతుంది. దానికి తోడు క్లియర్ అంటే ఎండకి కూడా క్లియరే. అతినీలలోహిత కిరణాలు పారదర్శకమైన పొరలోంచి చాలా మటుకు దూరిపోయి చెక్క నారని పట్టి ఉంచే లిగ్నిన్‌ని విరగ్గొడతాయి. అప్పుడు పొరకి పట్టు ఉండదు. నూనెలైతే చెక్కలోకి ఇంకుతాయి. పైన మందపాటి పొర కట్టవు కాబట్టి పెచ్చులూడవు, మెల్లగా అరిగిపోతాయి. అరిగినప్పుడు మళ్ళీ రాసుకోవాలి. మెరుపు కావాలంటే మాత్రం నూనెలో దొరకదు, ఆ ఆశ వదులుకోవాల్సిందే.

ఇక అసలు పని. 2023 డిసెంబరు నుంచి 2024 ఫిబ్రవరి దాకా మా ఇంటి ముందు ఒక చిన్న కార్ఖానా నడిచింది.

పలకలన్నీ విప్పేశాం. సగం స్క్రూలు తుప్పు పట్టి తల తెగిపోయాయి. ఒక్కొక్కటీ తీయడానికి మేస్త్రీ తిట్టిన తిట్లు రాయకూడదు. పాత వార్నిష్ ముందు స్క్రేపరుతో, తర్వాత 60 నంబరు ఎమరీ కాగితంతో, ఆఖర్న 80తో. అక్కడితో ఆపాను. మేస్త్రీకి 220 దాకా పట్టి నున్నగా చెయ్యాలని చేతులు దురద. బయట చెక్కని మరీ నున్నగా చేస్తే నూనె ఇంకదు, వానలో కాలు కూడా జారుతుంది. సంక్రాంతి సెలవులన్నీ ఆ పొడిలోనే గడిచాయి. మా ఆవిడ ముగ్గు పెట్టిన ప్రతిసారీ గంటలో దాని మీద పసుపు పొడి పడేది. ఈ ఏడు ముగ్గులో రంగులు కొనక్కర్లేదని ఆవిడే నవ్వేసింది.

నల్ల మచ్చలకీ బూడిద రంగుకీ ఆక్సాలిక్ యాసిడ్ వాడాను. లీటరు వేడినీళ్ళకి 50 గ్రాములు కలిపి ప్లాస్టిక్ బకెట్లో, కుంచెతో పలకంతా పూసి, కాసేపుంచి బాగా కడగాలి. మచ్చ ఉన్నచోటే పూస్తే అక్కడ మాత్రం తెల్లగా కనిపిస్తుంది. అది విషం, చేతికి గ్లవ్స్, కంటికి అద్దాలు ఉండాలి, పొడి పీల్చకూడదు, పిల్లల్నీ కుక్కనీ దూరంగా ఉంచాలి. పాతికేళ్ళు వయసు తగ్గినట్టు చెక్క మళ్ళీ పచ్చబడింది. నాన్న ఆ రోజు రెండుసార్లు వచ్చి చూసి వెళ్ళాడు, ఏమీ అనలేదు.

తర్వాత ఆరబెట్టడం. నాకు బాగా కష్టమైంది ఇదే, ఎందుకంటే చెయ్యడానికి ఏమీ లేదు. చెక్కలో తేమ చూసే మీటరు ఒకటి తెప్పించాను, రెండు సూదులు గుచ్చితే అంకె చూపిస్తుంది. కడిగిన వారానికి 22 శాతం. పైన ముట్టుకుంటే ఎండు కట్టెలా ఉంది. ఇలాంటి చెక్క మీదే కదా రెండుసార్లు రాయించింది అనుకున్నాను. 15 కిందకి దిగాలి. ఫిబ్రవరి మొదటి వారానికి 13 వచ్చింది. సముద్రం మాకు దగ్గర. మార్చి దాటితే ఉక్కపోతలో గాలి తేమగా ఉంటుంది, అందుకే మా వైపు ఈ పనికి సంక్రాంతికీ శివరాత్రికీ మధ్య కాలమే మంచిది.

నూనె విషయంలో ఇంకో చిన్న దెబ్బ తిన్నాను. మొదట ఒక బల్లకి ఒట్టి అవిసె నూనె రాసి చూశాను. పచ్చిది రోజుల తరబడి జిడ్డుగానే ఉంటుంది, 'బాయిల్డ్' అని అమ్మేది తొందరగా ఆరుతుంది. రెండోదే రాశాను. పదిహేను రోజుల్లో నల్లటి చుక్కలు. బూజు! మన తేమ గాలిలో అవిసె నూనె బూజుకి భోజనం పెట్టినట్టే. మళ్ళీ రుద్దడం. చివరికి విశాఖపట్నంలో డెక్ ఆయిల్, అంటే బయటి చెక్క అరుగులకి రాసే నూనె, దొరికింది, బూజు మందూ కొంచెం గోధుమ రంగూ కలిసి ఉన్నది. ఆ రంగు అందానికి కాదు, ఎండని ఆపేది ఆ రంగు పొడే. రంగు లేనిది త్వరగా పోతుంది.

అవిసె నూనె గుడ్డ గురించి ఒక్క మాట. తుడిచిన గుడ్డల్ని ఉండ చుట్టి ప్లాస్టిక్ బకెట్లో పడేసి భోజనానికి వెళ్ళాను. నాన్న "ఏదో కమురు వాసన" అంటూ బయటికొచ్చాడు. గుడ్డ చేత్తో పట్టుకోలేనంత వేడిగా ఉంది. ఆ నూనె గాలి తగిలి గట్టిపడేటప్పుడు వేడి పుడుతుంది, ఉండలో ఆ వేడి బయటికి పోలేక దానంతటదే అంటుకుంటుంది. పక్కనే టిన్నరు డబ్బా. ఆ రాత్రి నాకు నిద్ర లేదు. అప్పటినుంచీ ప్రతి గుడ్డా నీళ్ళలో ముంచి, బయట తీగ మీద విడివిడిగా ఆరేసి పారేస్తున్నాం.

రాయడం ఈ గొడవంతటిలో తేలిక పని. ముందు ఒక చుక్క నీరు వేసి చూడాలి, వెంటనే ఇంకితే చెక్క సిద్ధం. ఎండ తగలని వేళ, అంటే పొద్దున్నే గానీ నాలుగు దాటాక గానీ, కుంచెతో పల్చగా రాసి, పావుగంట ఆగి, ఇంకని నూనె గుడ్డతో తుడిచెయ్యాలి. ఎక్కువ రాస్తే ఎక్కువ కాపాడుతుందని వదిలేస్తే ఆరక అంటుకుంటుంది. పలకకి అన్ని ముఖాలకీ రాశాం. పైన మాత్రమే రాస్తే కింది వైపు తడి పీల్చుకుని పలక దోనెలా వంగుతుంది. అడ్డంగా కోసిన చివరలు నీటిని గొట్టాల్లా లాగుతాయి కాబట్టి వాటికి మూడుసార్లు రాశాం. బల్ల కాళ్ళకైతే కొబ్బరి చిప్పల్లో నూనె పోసి రాత్రంతా నిలబెట్టాను. పొద్దున్నకి నాలుగు చిప్పలూ ఖాళీ. బల్ల కాళ్ళే మొదట కుళ్ళడానికి కారణం అక్కడ తెలిసింది. మొత్తం రెండు చేతులకి మూడు లీటర్లు పట్టింది.

కింద కనపడని దూలాలకి తాత చెప్పిన జీడి నూనె, కొంచెం కిరసనాయిలు కలిపి. తారులా నల్లగా ఉంటుంది, చెద దగ్గరికి రాదు. కానీ చర్మానికి తగిలితే బొబ్బలు లేస్తాయి. పలాసలో పిక్కలు కొట్టే ఆడవాళ్ళు చేతులకి బూడిదో నూనో రాసుకునేది అందుకే. గ్లవ్స్ ఉన్నా నా మణికట్టు మీద ఒక చుక్క పడి పదిహేను రోజులు ఏడిపించింది. మనిషి కూర్చునేచోట అది వాడకూడదు.

బిగించేటప్పుడు పలకకీ పలకకీ మధ్య మూడంగుళాల మేకు మందం సందు వదిలాం. దూలాల కింద రబ్బరు ముక్కలు పెట్టి సిమెంటుకి తగలకుండా లేపాం. స్క్రూలు బరంపురం నుంచి తెచ్చిన స్టెయిన్‌లెస్ స్టీలువి, 316 రకం. మామూలుగా దొరికే 304 ఉప్పుగాలికి తుప్పు చుక్కలు పెడుతుందట. ధర విని మేస్త్రీ "బంగారం స్క్రూలా మాస్టారూ" అన్నాడు.

ఇప్పటికి రెండు వానాకాలాలు చూసింది. పెచ్చు లేదు, తెల్ల మచ్చ లేదు. మామిడి కొమ్మ నుంచి చుక్కలు కారే మూల మాత్రం తొందరగా రంగు తగ్గింది. 2025 సంక్రాంతి వెళ్ళాక అరుగు కడిగి, ఆరాక ఒక చెయ్యి మళ్ళీ రాశాను. రుద్దే పని లేదు, గీకే పని లేదు. పొద్దున్న మొదలుపెడితే మధ్యాహ్నం భోజనాలకి అయిపోయింది.

మొన్న తాతని మనవడు బండి మీద తీసుకొచ్చాడు. పైన ఎంత బాగా వచ్చిందో చూస్తాడనుకుని నేను పక్కకి జరిగాను. ఆయన పైన చూడనే లేదు. నెమ్మదిగా వంగి, ఒక చెయ్యి నేలకి ఆనించి, అరుగు కిందకి తొంగి చూశాడు. సందుల్లోంచి రాలిన మామిడాకులు దూలం పక్కన కుప్పగా, నల్లగా, తడిగా ఉన్నాయి.

"ముందు ఇయి తీసీండి మాస్టారూ" అన్నాడు. చీపురు తెచ్చాను.