ఉత్తరేణి గింజలా అంటుకునే బాక్టీరియా

గత వేసవిలో మా టమాటా మడిలో కొన్ని మొక్కలు నేలలో తడి ఉన్నా మిట్టమధ్యాహ్నానికి వాడిపోయి, సాయంత్రానికి మళ్లీ తేరుకునేవి. ఎండదెబ్బ అనుకుని రెండు వారాలు నీరు పెంచుతూ పోయాను. చివరికి ఒక మొక్కను మట్టిగడ్డతో సహా పెకలించి, బకెట్టు నీటిలో జాడించి చూశాను. వేర్ల నిండా అల్లం కొమ్ముల్లాంటి బుడిపెలు ఉన్నాయి. పప్పుజాతి పైర్ల వేర్లపై ఉండే నత్రజని బుడిపెలు గోటితో గీరితే ఊడివస్తాయి, ఇవి మాత్రం వేరు ఉబ్బి ఏర్పడినవి కనుక ఊడలేదు. అది వేరుముడి నులిపురుగుల పని; ఇవి వేర్లలో చేరి బతికే, కంటికి ఆనని సన్నని మట్టి పురుగులు.

వీటి శత్రువుల్లో నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది పాశ్చూరియా పెనెట్రాన్స్ అనే మట్టి బాక్టీరియా. దానికి కదలిక లేదు. సిద్ధబీజంగా మట్టిలో పడి ఉండి, పక్కగా పాకిపోయే పిల్లపురుగు చర్మానికి, నడిచేవాడి పంచెకు ఉత్తరేణి గింజ అంటుకున్నట్టు అంటుకుంటుంది. పురుగు వేరులో చేరాక బీజం మొలకెత్తి దాని ఒంట్లోకి దిగుతుంది. పురుగు వెంటనే చావదు, ఎదుగుతుంది కూడా; కాని వందల గుడ్లు పెట్టవలసిన ఆడపురుగు ఒంటినిండా సుమారు 20 లక్షల సిద్ధబీజాలు నిండిపోయి, వేరు కుళ్లినప్పుడు అవి తిరిగి మట్టిలో కలుస్తాయి. 1940లో దీనిని ప్రోటోజోవాగా వర్ణించారు, ఇప్పటి పేరు 1985లో గాని స్థిరపడలేదు. పురుగు ఒంట్లో తప్ప పెరగడానికి ఇష్టపడని ఈ జీవిని ప్రయోగశాలలో పెంచడం ఎంతో కష్టం.

అందుచేత మన ఎరువుల కొట్లలో సాధారణంగా దొరికేది సూడోమోనాస్ ఫ్లోరెసెన్స్ అనే మరో బాక్టీరియా పొడి. అది వేర్ల చుట్టూ స్థిరపడి, పురుగుకు సరిపడని పదార్థాలను వదులుతూ, మొక్కలోని నిరోధక శక్తిని కూడా మేల్కొలుపుతుంది. నేను మొదట కొన్నది, కొట్టువాడు ఎండలో పెట్టిన, గడువు దాటిన పొట్లం. దానిని కాపుకొచ్చిన మొక్కల మొదళ్లలో పోసి ఫలితం ఆశించడం నా అమాయకత్వం. పురుగు వేరులో చేరిపోయాక బయట కాపలా పెట్టి ప్రయోజనమేముంది?

తరువాతి పంటకు తాజా పొడిని మాగిన పశువుల ఎరువు, వేపపిండితో కలిపి, నీడలో తడి గోనెపట్టా కప్పి రెండు వారాలు ఉంచి, నారుమడిలోనూ నాటే గుంతల్లోనూ వేశాను. బుడిపెలు పూర్తిగా పోలేదు గాని చిన్నవై, తగ్గాయి. ఆ ఘనత బాక్టీరియాదో వేపపిండిదో చెప్పలేను. అందుకే ఈసారి ఒక సాలుకు వేపపిండి మాత్రమే వేసి వదిలాను.