వేడెక్కితే ఆగిపోయే రంపం

మన వర్క్‌షాపులో మూలన పడి ఉండే పాత చెయిన్ సా గుర్తుందా? స్పార్క్ కోసం పాయింట్లు (తెరుచుకుంటూ మూసుకుంటూ ఉండే చిన్న స్విచ్ ముఖాలు), కండెన్సర్ ఉన్న కాలం నాటిది. తాడు లాగీ లాగీ భుజాలు పడిపోయేవి గానీ దానిలో ఉలుకూ పలుకూ ఉండేది కాదు. మాలో సగం మంది వెంటనే కార్బురేటర్ విప్పుదామనేవాళ్లు. ప్రాక్టికల్స్ చేయించే సార్ ఒప్పుకునేవారు కాదు. "ముందు స్పార్క్ వస్తోందో లేదో చూడండ్రా!"

ప్లగ్ విప్పి, ఇంజన్ బాడీకి ఆనించి తాడు లాగితే స్పార్క్ లేదు. కొత్త ప్లగ్‌తోనూ అంతే. అప్పుడు స్టాప్ స్విచ్ వైరు ఊడదీయించారు. ఆ వైరు ఎక్కడైనా ఒరుసుకుపోయి బాడీకి తగిలితే, స్విచ్ ఇంజన్ నడిచే వైపే ఉన్నా ఇంజన్ ఆపేసినట్టే. పైసా ఖర్చు లేని పరీక్ష. మా రంపానికి ఆ జబ్బు లేదు, అది వేరే సంగతి.

నట్టు విప్పి, పాయింట్లను కప్పి ఉండే అయస్కాంతాల చక్రాన్ని, అదే ఫ్లైవీల్‌ను, పుల్లర్‌తో లాగాం. పాయింట్ల ముఖాలు నల్లగా మాడిపోయి ఉన్నాయి. ఒకదాని మీద చిన్న గుంట, ఎదుటిదాని మీద సరిగ్గా అంతే బుడిపె. "కండెన్సర్ పోయిందిరా" అన్నారు సార్. పాయింట్లు విడిపోయేటప్పుడు మధ్యలో మంట లేవకుండా కరెంటును అదే పట్టుకోవాలి. పట్టుకోకపోతే ముఖాలు కాలతాయి, కాయిల్‌లో (ప్లగ్‌కు వోల్టేజీ పుట్టించే తీగచుట్టలో) అయస్కాంత క్షేత్రం ఒక్కసారిగా పడిపోదు, ప్లగ్‌కు చాలినంత వోల్టేజీ పుట్టదు. పుస్తకంలో కంఠతా పట్టిన ఆ పేరా నాకు అర్థమైంది ఆ నల్లటి గుంట చూశాకే.

సన్నటి ఆకురాయితో రుద్ది, స్పిరిట్‌లో తడిపిన కాగితంతో తుడిచి, కొత్త కండెన్సర్ వేశాం. పాయింట్ల గ్యాప్ సుమారు 0.4 మి.మీ. పెట్టాం. కాయిల్ ఫ్లైవీల్ బయట ఉండే రకం కాబట్టి, ఆ రెండింటి మధ్య గ్యాప్‌కు విజిటింగ్ కార్డు దూర్చాం. ఉక్కు గేజ్ అయితే అయస్కాంతానికి అతుక్కుపోతుంది.

ఇంజన్ స్టార్టయింది. అందరం ఈలలు వేశాం. కాసేపటికి వేడెక్కి ఆగిపోయింది! చల్లారాక మళ్లీ మామూలే. ఈసారి ఆగిన మరుక్షణమే ప్లగ్ విప్పి చూడమన్నారు. స్పార్క్ లేదు. వేడికి కాయిల్ లోపలి చుట్ట తెగిపోతోంది, చల్లారితే అతుక్కుంటోంది. కాయిల్ మార్చాక మరి ఆగలేదు.

పాత కాయిల్‌ను సార్ పారేయలేదు. తర్వాతి బ్యాచ్‌లకు ప్రాక్టికల్స్‌లో అదే ఇచ్చేవారట. చల్లగా ఉన్నప్పుడు మీటరు రీడింగ్ సరిగ్గానే చూపిస్తుంది కదా, "బాగానే ఉంది సార్" అన్నవాళ్లందరికీ సున్నా!