ముగ్గురు డాక్టర్లకి ముక్కలు ముక్కలుగా చెప్పిన జబ్బు

నాకిప్పుడు 71. జబ్బు మొదలైంది 67వ ఏట. అది నార్మల్ ప్రెషర్ హైడ్రోకెఫలస్ అని, అంటే మెదడు లోపలి నీరు సరిగా బయటికి పోక వచ్చే జబ్బని, నాకు తెలిసేసరికి 69 నిండాయి. ఆ మధ్యలో నేను హాస్పిటల్‌కి వెళ్ళకుండా కూర్చోలేదు, తిరుగుతూనే ఉన్నాను. మరి రెండేళ్ళు ఎందుకు పట్టిందో ఇప్పుడు వెనక్కి చూసుకుంటే నాకు బాగా అర్థమవుతోంది, అందుకే ఇది రాస్తున్నాను.

మొదట పోయింది నడక. నొప్పి లేదు, తిమ్మిరి లేదు, కాళ్ళలో బలం కూడా తగ్గలేదు. మంచం మీద పడుకుని సైకిల్ తొక్కినట్టు కాళ్ళు ఆడించమంటే చక్కగా ఆడించేవాణ్ణి. లేచి నిలబడి అడుగు వేద్దామంటే మాత్రం అరికాలు నేలకి అంటుకుపోయినట్టుండేది. గడప దగ్గర మరీ కష్టం. దాటాలని మనసు చెబుతూనే ఉంటుంది, కాలు లేవదు, తలుపు పట్టుకుని అలాగే నిలబడిపోయేవాణ్ణి. వెనక్కి తిరగాలంటే ఉన్నచోటే ఏడెనిమిది చిన్న అడుగులు వేసుకుంటూ తిరగాలి. కొత్త చెప్పులు రెండు నెలలకే వేళ్ళ దగ్గర అరిగిపోయేవి. "కాళ్ళీడుస్తూ నడవకండీ, కాస్త ఎత్తి వేయండి" అని మా ఆవిడ రోజూ చెప్పేది. ఎత్తాలని నాకూ ఉండేది.

ఎముకల డాక్టర్ దగ్గరికి వెళ్ళాను. మోకాళ్ళు అరిగాయి, వయసు కదా అన్నారు. ఎక్స్‌రేలో అరుగుదల నిజంగానే ఉంది, కాబట్టి నమ్మాను. రెండుసార్లు పడ్డాను కూడా. రెండోసారి బాత్‌రూమ్ తలుపు దగ్గర వెనక్కి పడి తలకి తగిలితే సీటీ స్కాన్ తీశారు. రక్తం కారలేదు, వయసుతో వచ్చే మార్పులే ఉన్నాయని చెప్పి పంపేశారు. ఆ స్కాన్ ఫిల్మ్ బీరువాలో పడి ఉంది. నా జబ్బు అప్పటికే అందులో ఉంది.

రెండోది యూరిన్. వస్తోంది అనిపించాక ఆపుకోవడానికి రెండు నిమిషాలు కూడా ఉండేది కాదు, పైగా ఆ నడకతో బాత్‌రూమ్ దాకా చేరేదెప్పుడు. దానికి యూరాలజీ డాక్టర్ దగ్గరికి విడిగా వెళ్ళాను. ప్రోస్టేట్ కొంచెం పెరిగిందని మాత్రలిచ్చారు. అక్కడ నడక సంగతి నేను ఎత్తలేదు, ఆయనా అడగలేదు.

మూడోది ఎవరికీ చెప్పలేదు. మాట తోచడం ఆలస్యమయ్యేది. ఎదుటివాళ్ళు అడిగింది అర్థమయ్యేది, జవాబు నోటిదాకా వచ్చేసరికి వాళ్ళు వేరే విషయంలోకి వెళ్ళిపోయేవాళ్ళు. పొద్దున్న కుర్చీలో కూర్చుంటే మధ్యాహ్నం వరకు అలాగే ఉండిపోయేవాణ్ణి, బాధ అనీ కాదు, లేవాలన్న ఆలోచనే పుట్టేది కాదు. ఇంటి ఖర్చుల పుస్తకం నలభై ఏళ్ళుగా నేనే రాస్తున్నాను. మా అమ్మాయి ఒకరోజు అది తిరగేసి, ఒకే కరెంటు బిల్లు మూడుచోట్ల రాసి ఉండటం, తర్వాత రెండు వారాలు అసలేమీ రాయకపోవడం చూపించి "నాన్నా, ఇదేంటి?" అంది. సరిగ్గా ఆ ప్రశ్నకే నేను భయపడుతూ ఉన్నాను. అల్జీమర్స్ అని ఎవరైనా తేలుస్తారేమోనన్న భయంతోనే ఏ డాక్టర్ దగ్గరా మతిమరుపు మాట రానివ్వలేదు.

అమ్మాయి ఊరుకోలేదు, న్యూరాలజిస్ట్ దగ్గరికి తీసుకెళ్ళింది. పార్కిన్సన్స్ అనుకుని లెవోడోపా మాత్రలు మొదలుపెట్టారు. నాలుగు నెలలు వాడాను, డోసు పెంచారు, నడకలో వీసమెత్తు తేడా లేదు. అప్పుడు ఇంకో న్యూరాలజిస్ట్ దగ్గరికి వెళ్ళాం. ఆవిడ రిపోర్టులు ముట్టుకోకుండా "ముందు ఆ గోడదాకా నడిచి రండి" అన్నారు. నడిచాను. చేతులు బాగానే ఊగుతున్నాయి, అడుగులు మాత్రం చిన్నవి, పాదాలు ఎడంగా పడుతున్నాయి అని పైకే చెప్పుకుంటూ రాసుకున్నారు. పార్కిన్సన్స్‌లో మామూలుగా చేతి ఊపు తగ్గుతుందట. తర్వాత నా వైపు తిరిగి "యూరిన్ ఆగుతోందా?" అని అడిగారు. పక్కన కూతురు. కాసేపు మాట్లాడలేకపోయాను. తర్వాత అన్నీ చెప్పేశాను, ఖర్చుల పుస్తకం సంగతితో సహా. ఆ మూడూ ఒకే మనిషి చెవిన పడటం అదే మొదటిసారి.

ఆవిడ ఆ పాత స్కాన్ పెట్టి చూపించారు. మెదడు లోపల నాలుగు గదులుంటాయి, వాటిలో నీటిలాంటి ద్రవం ఉంటుంది. రోజుకి దాదాపు అర లీటరు తయారవుతుంది, కానీ ఏ క్షణంలో చూసినా తలలో, వెన్నులో కలిపి ఉండేది 150 మిల్లీలీటర్ల దరిదాపుల్లోనే, ఎందుకంటే తయారైనంత మళ్ళీ రక్తంలోకి వెళ్ళిపోతూ ఉంటుంది. ఆ పోయే దారి మందగిస్తే గదులు ఉబ్బి చుట్టూ ఉన్న నరాల తీగల్ని సాగదీస్తాయి. ఆ ద్రవం ప్రెషర్ కొలిస్తే మాత్రం నార్మల్‌గానే ఉంటుంది, అందుకే దీన్ని నార్మల్ ప్రెషర్ హైడ్రోకెఫలస్ అంటారు, పొట్టిగా ఎన్‌పీహెచ్. నడక, యూరిన్, ఆలోచన, ఈ మూడూ దీని గుర్తులు. చాలామందిలో నడకే ముందు పాడవుతుంది.

స్కాన్ ఒక్కటే చూసి తేల్చలేరట, వయసుతో మెదడు కుంచించుకుపోయినా గదులు పెద్దవిగానే కనిపిస్తాయి కాబట్టి. అందుకే ట్యాప్ టెస్ట్ చేశారు. కుర్చీలోంచి లేచి మూడు మీటర్లు నడిచి, తిరిగొచ్చి కూర్చోమన్నారు. 34 సెకన్లు పట్టింది. తర్వాత వెన్నులో సూది పెట్టి 40 మిల్లీలీటర్ల నీరు తీశారు. సాయంత్రం మళ్ళీ నడిపించారు, 19 సెకన్లు. వెనక్కి తిరగడానికి మూడే అడుగులు పడ్డాయి. కుర్చీలో కూర్చున్నాక ఫిజియో అమ్మాయి చేతిలోని టైమర్ వైపు చూస్తూ ఏడ్చేశాను. ఆ హుషారు మూడు రోజుల్లో పోయింది. పోతుందని ముందే చెప్పారు, అయినా మళ్ళీ గడప దగ్గర ఆగిపోయినప్పుడు చాలా బాధేసింది.

ఈ జబ్బుని గుర్తించింది కొలంబియా దేశపు న్యూరోసర్జన్ సాలమన్ హకీమ్. 1957లో బొగోటాలో తలకి దెబ్బ తగిలి స్పృహ సరిగా లేకుండా పడి ఉన్న 16 ఏళ్ళ కుర్రాడికి, ప్రెషర్ నార్మల్‌గానే ఉన్నా, పరీక్షకని 15 మిల్లీలీటర్ల నీరు తీస్తే మర్నాటికి వాడు మాట్లాడాడు. హకీమ్ దాన్ని వదలకుండా పట్టుకున్నాడు. 1965లో అమెరికన్ న్యూరాలజిస్ట్ రేమండ్ ఆడమ్స్ లాంటివాళ్ళతో కలిసి పెద్దవాళ్ళ కేసులు ప్రచురించాడు. హకీమ్ ఆ రోజు "ఏదో కలిసొచ్చింది" అనుకుని వదిలేసి ఉంటే నా సంగతి ఏమయ్యేదో.

చికిత్స షంట్. తలలోని గదిలోంచి సన్నని గొట్టం చర్మం కిందుగా, చెవి వెనకనుంచి మెడ, ఛాతీ మీదుగా పొట్టలోకి వేస్తారు, మధ్యలో నీరు ఎంత దిగాలో అదుపు చేసే వాల్వ్ ఉంటుంది. ఎక్కువైన నీరు పొట్టలోకి దిగి ఒంట్లో ఇంకిపోతుంది. ఇన్ఫెక్షన్ రావచ్చు, గొట్టం మూసుకుపోవచ్చు, నీరు మరీ ఎక్కువగా దిగితే మెదడు మీద రక్తం చేరవచ్చు అని సర్జన్ అన్నీ విడమరిచి చెప్పారు. మా ఆవిడ రెండు రాత్రులు నిద్రపోలేదు. నేను మాత్రం ఆ 19 సెకన్లు చూశాక వెనక్కి తగ్గదలచుకోలేదు.

ఆపరేషన్ అయిన మర్నాడే పరుగెత్తానని చెప్పను. రెండో వారంలో లేచి నిలబడితే తలనొప్పి, పడుకుంటే పోయేది. నీరు ఎక్కువ దిగుతోందని, చెవి వెనక వాల్వ్ మీద అయస్కాంతం ఉన్న చిన్న పరికరం పెట్టి బయటనుంచే సెట్టింగ్ మార్చారు. కోత లేదు, సూది లేదు. తర్వాత నాలుగు నెలలు ఫిజియోథెరపీ. రెండేళ్ళు చిన్న అడుగులకి అలవాటుపడ్డ కాళ్ళకి పెద్ద అడుగు మళ్ళీ నేర్పాలి కదా, నేల మీద టేపు ముక్కలు అతికించి వాటిని దాటుతూ నడిపించారు. ఒకరోజు నేను వంటగదిలోకి వెళ్తే మా ఆవిడ ఉలిక్కిపడింది, చెప్పుల చప్పుడు వినపడలేదట.

నిజంగా షంట్ వల్లే బాగుపడ్డానా, లేక బాగుపడాలన్న ఆశ నడిపిస్తోందా అన్న అనుమానం నాకు చాలా రోజులుండేది. 2025లో వచ్చిన ఒక పరిశోధన మా అమ్మాయి చదివి వినిపించింది. 99 మందికి షంట్ వేసి, కొందరికి వాల్వ్ పనిచేసేలా, మిగతావాళ్ళకి దాదాపు మూసినట్టే ఉండేలా పెట్టి, ఎవరిది ఏదో వాళ్ళకి చెప్పకుండా మూడు నెలలు చూశారు. పనిచేసినవాళ్ళ నడక వేగం సెకనుకి సగటున 0.23 మీటర్లు పెరిగింది, మిగతావాళ్ళది 0.03. జ్ఞాపకశక్తిలో, యూరిన్ విషయంలో ఆ మూడు నెలల్లో స్పష్టమైన తేడా కనిపించలేదు. మెదడు మీద రక్తం చేరడం వాల్వ్ తెరిచినవాళ్ళలోనే ఎక్కువ. నా అనుభవం కూడా ఇంచుమించు ఇంతే. నడక బాగా వచ్చింది, రోజూ నలభై నిమిషాలు నడుస్తున్నాను. రాత్రి రెండుసార్లు ఇప్పటికీ లేస్తాను. మాట తొందరగానే అందుతోంది గానీ పేర్లు ఇంకా ఆలస్యంగానే గుర్తొస్తాయి. ఖర్చుల పుస్తకం మళ్ళీ నా దగ్గరికి వచ్చింది.

మీ ఇంట్లో పెద్దవాళ్ళ నడక ఇలా మారితే, వాళ్ళు నోరు విప్పని మిగతా రెండింటి గురించి మీరే మెల్లగా అడగండి. మూడూ ఒకే కాగితం మీద రాసి ఒకే డాక్టర్‌కి ఇవ్వండి. ఈ గుర్తులున్న అందరికీ ఇదే జబ్బని కాదు, షంట్ అందరికీ పనిచేస్తుందనీ కాదు, అది పరీక్షల్లో తేలాలి.

వచ్చే నెల భుజానికి ఎమ్మారై ఉంది. ఆ అయస్కాంతానికి కొన్ని రకాల వాల్వ్‌ల సెట్టింగ్ మారిపోవచ్చు, అందుకని ముందే చెప్పి, అది అయిన వెంటనే చూపించుకోమన్నారు. వాల్వ్ పేరు, సెట్టింగ్ నంబరు రాసిన కార్డు నా పర్సులో ఉంది, దాని ఫొటో మా అమ్మాయి ఫోన్‌లో ఉంది.