గోడ మీద పాచికి ప్రెషర్ వాషరా, బ్రష్షా?

మాది కాకినాడ. వానలు తగ్గేసరికి ఎండ తగలని ఉత్తరం గోడంతా నల్లగా పాచి పట్టేస్తుంది. ఈసారి ప్రెషర్ వాషర్ అద్దెకు తెచ్చి ఒక్క పూటలో కడిగేద్దామనుకున్నాను. ముందు కిటికీ కింద జానెడు చోట కొట్టి చూస్తే పాచితో పాటు పాత రంగు కూడా పెచ్చులుగా లేచిపోయింది, పైగా సన్‌షేడ్ పక్కనున్న బీటలోంచి నీళ్లు దిగి పడగ్గదిలో చెమ్మ మరక తేలింది. ఆపేశాను. పార్కింగ్‌లో సిమెంటు నేలకి మాత్రం అదే మిషన్ బ్రహ్మాండంగా పనిచేసింది.

గోడకి నాకు నచ్చింది పాత పద్ధతే. బ్లీచింగ్ పౌడర్ బకెట్ నీళ్లలో కలిపి, పైన తేరిన నీళ్లు పట్టించి, పావుగంట ఆగి నైలాన్ బ్రష్‌తో రుద్దితే నలుపు చారలు చారలుగా కిందికి జారిపోయింది. తర్వాత పైపుతో బాగా కడిగేయాలి. మొదలుపెట్టే ముందే గోడ పక్క మొక్కల్ని మంచినీళ్లతో తడిపి పట్టా కప్పండి, చేతులకి గ్లౌజులు వేసుకోండి. మొండి మరకలు పోవట్లేదని బ్లీచింగ్‌లో యాసిడ్ మాత్రం అస్సలు కలపొద్దు, క్లోరిన్ గ్యాస్ వచ్చి ప్రాణాల మీదికి వస్తుంది. రెండు రోజులు పట్టింది, భుజాలు లాగేశాయి, కానీ రంగు చెక్కుచెదరలేదు.