పీఈటీ సారు బంతుల లెక్క

సంచికకి ఏదైనా రాయమని మన బ్యాచ్ వాళ్లు అడిగినప్పుడు క్లాసులో జరిగిన సంగతులే ఏవో రాద్దామనుకున్నాను. కానీ నిజం చెప్పాలంటే ఆ స్కూలు అనగానే నా కళ్లముందుకొచ్చేది గ్రౌండ్‌లో ఆ చివర వికెట్టూ, దాని వెనక బంతి వేసేముందు నేను పరుగెత్తుకొచ్చే దారి, అంటే నా రనప్పూ, పక్కనే లెక్కల నోటుబుక్కు పట్టుకుని నిలబడ్డ పీఈటీ సారూ. ఆ తర్వాత ఎనిమిది సీజన్లు క్రికెట్ ఆడి దాని మీదే బతికాను, ఎందరో కోచ్‌ల దగ్గర నేర్చుకున్నాను, అయినా ఫాస్ట్ బౌలర్ జీవితం గురించి నాకు తెలిసిన అతి ముఖ్యమైన విషయం సారు దగ్గర నేర్చుకున్నదే. కాకపోతే అది అర్థం కావడానికి చాలా ఏళ్లు పట్టింది.

మొదట రనప్ సంగతి చెప్తాను. నేను తొమ్మిదో క్లాసులో ఉన్నప్పుడు సారు నన్ను క్రీజు దగ్గర వికెట్లకి వీపు పెట్టి నిలబెట్టి, "బౌండరీ వైపు పరుగెత్తు, ఎక్కడ వేయాలనిపిస్తే అక్కడ వేసెయ్, అడుగులు లెక్కపెట్టకు" అన్నారు. అలా ఆరేడుసార్లు పరుగెత్తించి, నేను ఎగిరిన చోటల్లా ఒక చిన్న రాయి పెట్టారు. మూడు నాలుగు రాళ్లు ఒకేచోట పడ్డాయి. అక్కడి నుంచి క్రీజు దాకా నా అంగలతోనే కొలిపిస్తే పదిహేడు వచ్చింది. ఆ తర్వాత ఎంత పెద్ద గ్రౌండ్‌కి వెళ్లినా నేను ముందు చేసే పని క్రీజు దగ్గర నిలబడి పదిహేడు అంగలు వేసుకోవడమే.

ఇక నోటుబుక్కు. నెట్స్‌లో నేను వేసిన ప్రతి బంతికీ సారు పెన్సిల్‌తో ఒక గీత గీసేవారు, అయిదో గీత అడ్డంగా. ముప్ఫై ఆరు గీతలు అయ్యాయంటే పెన్సిలు చెవి మీద పెట్టుకుని చేయి చాచేవారు. "చాల్రా, బంతి ఇచ్చెయ్." నాకు ఒళ్లు మండిపోయేది. అప్పుడే కదా ఒళ్లు వేడెక్కేది, అప్పుడే కదా బంతి మంచిగా లేచేది, ఇంకొక్క ఓవర్ సార్ అని ఎంత బతిమాలినా "రేపు వెయ్యి" అనే మాట తప్ప ఇంకోటి వచ్చేది కాదు. బ్యాట్స్‌మన్లేమో చీకటి పడేదాకా ఆడుకునేవాళ్లు. నేను గట్టు మీద కూర్చుని చూస్తుండేవాణ్ని. సారుకి నేనంటే ఇష్టం లేదనే అనుకున్నాను రెండేళ్లపాటు.

స్కూలు దాటాక నన్ను ఒక క్యాంపులో తీసుకున్నారు. అక్కడ లెక్కపెట్టేవాళ్లు లేరు. ఎంత ఎక్కువ వేస్తే అంత స్పీడ్ వస్తుందని అక్కడి కోచ్ నమ్మకం. నాకు పంతొమ్మిదేళ్లు, పొద్దున నెట్స్, సాయంత్రం మ్యాచ్, మధ్యలో ఎవరైనా బ్యాట్స్‌మన్ ప్రాక్టీసు కావాలంటే మళ్లీ నేనే. స్పీడ్ నిజంగానే వచ్చింది, అందుకే నేనూ ఆగలేదు. రెండు నెలలకి నడుము కింద ఎడమ వైపు ఒకచోట సన్నగా నొప్పి మొదలైంది, వేలితో చూపించగలిగేంత చిన్న చోటు. కూర్చుంటే ఉండదు, ముందుకి వంగినా ఉండదు, వెనక్కి వంగి ఎడమకి వాలితే మాత్రం సూది దిగినట్టు. కండరం పట్టేసిందన్నారు. ఎక్స్‌రేలో ఏమీ కనపడలేదు. ఇంకో మూడు వారాలు అలాగే వేశాను. చివరికి ఎంఆర్ఐ తీస్తే నడుములో అట్టడుగు వెన్నుపూసకి ఎడమ వైపు పగులు కనిపించింది. స్ట్రెస్ ఫ్రాక్చర్.

కుడిచేతి బౌలర్‌కి అది ఎడమ వైపే ఎందుకొస్తుందో అప్పుడు డాక్టర్ చెప్పారు. బంతి వదిలే క్షణంలో ముందు కాలు నేలకి కొయ్యలా ఆనుతుంది, ఒంటి బరువుకి ఎన్నో రెట్ల తాకిడి ఆ కాలిగుండా నడుములోకి వస్తుంది, అదే క్షణంలో నడుము వెనక్కి వంగి, పక్కకి వాలి, మెలి తిరుగుతుంది. అదంతా వెన్నుపూస వెనక ఉండే ఒక సన్నటి ఎముక మీద పడుతుంది. ఇరవైలు సగం దాటేదాకా ఆ ఎముక పూర్తిగా గట్టిపడదు. ఒక్క బంతితో విరిగేది కాదు అది. విశ్రాంతి ఇస్తే తనంతట తాను మానుకుంటుంది, ఇవ్వకపోతే నిన్నటి దెబ్బ మీద ఇవాళ్టి దెబ్బ. ఆయన చెప్తుంటే నాకు సారు పెన్సిలు గీతలే కనిపించాయి. ఈరోజు కొన్ని పెద్ద క్రికెట్ బోర్డులు కుర్ర ఫాస్ట్ బౌలర్లు స్పెల్‌కి, అంటే ఒక విడతలో, ఇన్ని ఓవర్లే వేయాలని నియమాలు పెట్టుకున్నాయి, సారుకి మాత్రం అవన్నీ ఎవరూ చెప్పలేదు.

పడుకుని ఉన్న ఆ నెలల్లో ఆస్ట్రేలియా ఫాస్ట్ బౌలర్ డెనిస్ లిల్లీ గురించి దొరికినదంతా చదివాను. 1973లో వెస్టిండీస్ టూర్‌లో ఆయన వెన్నుకీ స్ట్రెస్ ఫ్రాక్చర్లే, ఒంటికి ప్లాస్టర్ కట్టారు, ఇక అయిపోయాడని అందరూ అనుకున్నారు. ఆయన బంతి వేసే తీరు, అంటే యాక్షన్, మార్చుకుని, ఒళ్లు మళ్లీ కట్టుకుని 1974-75లో ఇంగ్లండ్‌తో జరిగిన యాషెస్ సిరీస్‌కి తిరిగొచ్చి, చివరికి 70 టెస్టుల్లో 355 వికెట్లతో ఆపాడు. అదే ఆస్ట్రేలియా బౌలర్ ప్యాట్ కమిన్స్ కథ నాకు ఇంకా దగ్గరగా అనిపిస్తుంది. 2011 నవంబర్‌లో జొహానెస్‌బర్గ్‌లో 18 ఏళ్లకే తొలి టెస్టు, రెండో ఇన్నింగ్స్‌లో 79 పరుగులకి 6 వికెట్లు, గెలుపు పరుగులూ తనే కొట్టి మ్యాన్ ఆఫ్ ద మ్యాచ్. రెండో టెస్టు ఎప్పుడో తెలుసా? 2017 మార్చిలో, రాంచీలో. ఆ అయిదేళ్లలో ఎక్కువ భాగం వెన్ను నొప్పితోనే గడిచింది. స్కోర్‌కార్డులో కనపడని ఆ ఖాళీయే ఫాస్ట్ బౌలర్ కెరీర్‌లో అసలు భాగమని నా నమ్మకం. మనమేమో వికెట్ల సంఖ్యే చూస్తాం.

నేను తిరిగి పూర్తిగా బౌలింగ్ చేయడానికి ఏడాదిన్నర పట్టింది. భుజాలు ఒకవైపు, నడుము ఇంకోవైపు తిరిగే నా పాత యాక్షన్‌ని మార్చుకున్నాను, దాంతో కొంచెం స్పీడ్ పోయింది. పోయిన స్పీడ్‌కి బదులు బంతి కుట్టు (సీమ్) నిటారుగా నిలబెట్టి వేయడం, పాత బంతికి ఒకవైపే మెరుపు కాపాడుకోవడం నేర్చుకున్నాను. ప్రొఫెషనల్ బౌలర్ రోజు ఎలా ఉంటుందని పిల్లలు అడుగుతుంటారు. ఎక్కువగా ఐస్ ప్యాకులూ, బస్సుల్లో నిద్రా. పొద్దున లేవగానే ముందు మంచం మీదే నడుము అటూ ఇటూ తిప్పి చూసుకోవడం. ఎడమ కాలి బొటనవేలి గోరు ఏడాది పొడుగునా నల్లగానే ఉంటుంది, ఎందుకంటే ప్రతి బంతికీ కాలు బూటు లోపల ముందుకి జారి గుద్దుకుంటుంది. అందుకే చాలామందిమి ఎడమ బూటుకి బొటనవేలి దగ్గర రంధ్రం కోసుకునేవాళ్లం. కుడి బూటు ముందు భాగం నేలకి రాసుకుని రాసుకుని అరిగిపోతుంది. ఇవన్నీ భరించాక కూడా సాయంత్రం మూడో స్పెల్‌కి, చచ్చిన పిచ్ మీద, ఎదురుగాలికి బంతి చేతికిస్తారు. ఆ స్పెల్ నాకెప్పుడూ ఇష్టమే. అందులో ఒక్క వికెట్ దొరికితే ఆ రాత్రి నొప్పి తెలిసేది కాదు.

మోకాళ్లు సహకరించక ఆటలోంచి తప్పుకున్నాక కూడా బంతులు లెక్కపెట్టే అలవాటు పోలేదు. 2025లో సిరాజ్ ఇంగ్లండ్‌లో అయిదుకి అయిదు టెస్టులూ ఆడి 23 వికెట్లు తీస్తే అందరూ వికెట్ల గురించి మాట్లాడారు. నేను ఓవర్లు చూశాను, 185.3. అంటే 1113 బంతులు. ఆగస్టు 4 పొద్దున ఓవల్‌లో ఆ లెక్కలో చివరి బంతి యార్కర్‌గా, అంటే సరిగ్గా బ్యాట్స్‌మన్ కాళ్ల దగ్గర పడేలా వెళ్లి ఇంగ్లండ్ ఆటగాడు అట్కిన్సన్ స్టంప్ పడగొడితే, మనవాళ్లు ఆరు పరుగులతో గెలిస్తే, టీవీ ముందు నిలబడి ఏడ్చేశాను. ఒళ్లంతా అలిసిపోయిన ఆఖరి రోజు యార్కర్ సరిగ్గా పడాలంటే ఏం కావాలో ఆ పని చేసినవాళ్లకి తెలుస్తుంది.

సారు ఇప్పుడు లేరు. బతికుండగా వెళ్లి ఆ గీతల విలువ తెలిసిందని చెప్పుకోలేకపోయాను, అది నాకు తీరని బాధ. ఈ సంచిక చదివే మన స్కూలు వాళ్లందరికీ ఒక విన్నపం. స్పోర్ట్స్ రూమ్‌లో కిటికీ పక్కన ఒక ఇనుప బీరువా ఉండేది, కింది అరలో చిరిగిన ప్యాడ్ల వెనక సారు నోటుబుక్కులు పెట్టేవారు. గోధుమరంగు అట్ట, మూల మీద బంతి బొమ్మ. అవి ఎవరి దగ్గరైనా ఉంటే, ఇంట్లో ఏ పాత పెట్టెలోనైనా కనిపిస్తే, దయచేసి పారేయకండి, నాకు కబురు చేయండి. ఎంత దూరమైనా వచ్చి తీసుకెళ్తాను.